నాన్న కోసం కొన్న ఛాతీ బెల్ట్: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, ఇది జిమ్‌కెళ్ళే కుర్రాళ్ళ కోసం రాస్తున్న రివ్యూ కాదు. మా నాన్నకి 64 ఏళ్ళు, హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, అంటే గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా పంప్ చెయ్యలేకపోవడం. గుండె స్కానింగ్ (ఎకో)లో పంపింగ్ 35 శాతం, రోజూ మెటోప్రొలాల్ అనే మాత్ర (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ రకం) వేసుకుంటారు. డాక్టరుగారు నడవమన్నారు. ఆ నడకలో గుండె ఎంత కొట్టుకుంటోందో చూసుకోడానికి ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్ట్ కొన్నాం, మూడు వేల చిల్లర పడింది. నా మార్కులు ఐదుకి నాలుగు.

దీనికి ముందు చేతికి స్మార్ట్‌వాచ్ ఉండేది. వైజాగ్ బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు మామూలుగా నడుస్తుంటేనే అది ఉన్నట్టుండి 112 అని చూపించేది. నాన్న టెన్షన్ పడి గట్టు మీద కూలబడేవారు, తీరా నాడి పట్టుకుని లెక్కపెడితే 84. వాచీ చర్మంలోకి వెలుతురు వేసి రక్తం కదలికని చూస్తుంది కదా, చెయ్యి ఊగుతున్నప్పుడు ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది. బెల్ట్‌కి ఆ గొడవ లేదు, ఈసీజీ పద్ధతిలో గుండె నుంచి వచ్చే కరెంటునే పట్టుకుంటుంది.

ఇంకో చిరాకు ఏంటంటే, వాచీ 220లోంచి వయసు తీసేసి గుండె వేగానికి మాక్సిమమ్ 156 అని పెట్టుకుని దాని మీద రంగురంగుల జోన్లు (ఇంత నుంచి ఇంత దాకా అనే హద్దులు) గీసేసింది. నాన్న చెమటలు కక్కుతూ నడుస్తుంటే అదేమో "ఇంకా వార్మప్‌లోనే ఉన్నారు, స్పీడు పెంచండి" అని గుర్రుమనేది. ఏం పెంచుతారండీ? ట్రెడ్‌మిల్ టెస్టులో ఇక నావల్ల కాదని ఆపేసేసరికి నాన్నకి 104, ఊరికే కూర్చున్నప్పుడు 62. అంటే 62 నుంచి 156కి, 94 పెరగాల్సిన చోట పెరిగింది 42, సగం కూడా కాదు. మామూలుగా పెరగాల్సినదాంట్లో 80 శాతం దాటకపోతే గుండె వేగం సరిగ్గా పెరగట్లేదని లెక్క, బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకి మాత్రం 62 శాతం చూస్తారు.

ఇదంతా మాత్ర వల్లేనని చాలామంది అనుకుంటారు, నాన్న కూడా మానేస్తానని ఒకటే గొడవ. మాత్ర వాటా కొంత ఉంది గానీ జబ్బులోనే ఉంది అసలు సంగతి. గుండె బలహీనపడ్డాక శరీరం అడ్రినలిన్ లాంటి వాటిని అదేపనిగా ఎక్కువ వదులుతూ ఉంటుంది, గాజువాక జంక్షన్లో షాపువాళ్ళు హారన్లు వినీ వినీ పట్టించుకోవడం మానేసినట్టు గుండెలో ఆ అడ్రినలిన్ మాట వినే బీటా రిసెప్టర్లు తగ్గిపోయి మొద్దుబారిపోతాయి. నడిచేటప్పుడు వేగం పెంచమని ఎంత మొత్తుకున్నా గుండె పూర్తిగా పలకదు. కొట్టుకున్న ప్రతిసారీ గుండె పంపే రక్తమూ పెద్దగా పెరగదు, ఇంకేముంది, కాళ్ళకి రక్తం చాలక ఆయాసం. బెల్ట్ కట్టాక ఇది కళ్ళారా చూశా: పాండురంగాపురం డౌన్ అనే ఏటవాలు రోడ్డు ఎక్కుతుంటే నాన్నకి నోట మాట రావట్లేదు, యాప్‌లో మాత్రం గీత 96 దగ్గరే అడ్డంగా పడుకుంది. అలాగని మాత్ర జోలికి వెళ్ళకండి, ఆ గుండెని కాపాడుతున్నది అదే, ఏదున్నా డాక్టర్నే అడగండి.

ఈ బెల్ట్ యాప్‌లో జోన్లు మనమే మార్చుకోవచ్చు, నేను ఎక్కువ మార్కులు వేసింది దీనికే. ఫిజియోథెరపీ అమ్మాయి నాన్న టెస్టు అంకెలు చూసి, పెరిగిన 42లో 40 నుంచి 70 శాతం దాకా 62కి కలిపి, సుమారుగా 80-90 మధ్య ఉంచమంది. "అంకె సంగతి తర్వాత అంకుల్, నడుస్తూ నాతో మాట్లాడగలుగుతున్నారా లేదా?" అని కూడా అడుగుతుంది, అది మంచి పరీక్షే. నడక ఆపాక మొదటి నిమిషంలో ఎంత తగ్గిందో కూడా యాప్ చూపిస్తుంది, 12 కన్నా ఎక్కువ తగ్గడం మంచిదంటారు, నాన్నకి మొదట్లో 9 ఉండేది, ఇప్పుడు 14 దాకా వచ్చింది. గుండె లయ తప్పుతూ ఉండేవాళ్ళకి మాత్రం అంకె ఎగిరెగిరి పడుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ని అడిగాకే కట్టుకోండి.

ఇక కోసిన ఆ ఒక్క మార్కు. ఛాతీ పొడిగా ఉంటే ఇది పనిచెయ్యదు, లోపలి నల్ల పట్టీల మీద నీళ్ళు రాసి కట్టుకోవాలి, చలికాలం తెల్లవారుజామున నాన్న తిట్టుకుంటూనే రాసుకునేవారు. ఎండాకాలం మన వైజాగ్ ఉక్కపోతకి ఆ బాధ లేదు గానీ చెమటకి రోజూ ఉతక్కపోతే కంపు కొడుతుంది, ఉతికీ ఉతికీ ఎలాస్టిక్ సాగిపోయి బక్కపలచని నాన్న ఒంటి మీంచి జారిపోతోంది. బ్యాటరీ గుండ్రటి బిళ్ళే, ఎక్కడైనా దొరుకుతుంది. పట్టీ ఒక్కటే కావాలని జగదాంబ దగ్గర కొన్న షాపులోనే అడిగితే, విడిగా రాదు, మొత్తం సెట్ మళ్ళీ కొనుక్కోవాలన్నాడు. కొనే ముందే ఆ ముక్క అడిగి తేల్చుకోండి.