కంబోడియానా, జావానా: మన తిరుపతి వాళ్లకు ఏది మేలు?

ఆగ్నేయాసియాకు ఒక్కసారే పోగలిగితే కంబోడియా మేలా, ఇండోనేషియాలోని జావా మేలా అని మా తమ్ముడు అడిగాడు. గుడి కోసమే అయితే అంకోర్‌వాట్ అని చెప్పేసేవాణ్ణి, 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించినప్పుడు అది విష్ణువు గుడే, తర్వాత బౌద్ధులది అయింది. అయితే జావాలో 9వ శతాబ్దపు ప్రంబనన్ శివాలయం ఉంది, దీనికంటే పాతది. అందుకే గుళ్లు పక్కన పెట్టి నేల, నీళ్లు చూద్దాం అన్నాను. సీమలో పుట్టినోడికి ఇంకేం కనిపిస్తాయి!

జావా నేలకు బలం అగ్నిపర్వతాల బూడిద. నీళ్లున్న చోట ఏడాదికి రెండు మూడు పంటలు వరి పండుతుంది, ఆంధ్రప్రదేశ్ కంటే చిన్న దీవిలో 15 కోట్లకు పైగా జనం బతుకుతున్నారు. అన్నం పెట్టే అలాంటి కొండే, మెరపి అనే అగ్నిపర్వతం, 2010లో పేలి 300 మందికి పైగా ప్రాణాలు తీసింది, అయినా రైతులు మళ్లీ దాని వాలులోనే సేద్యం చేస్తున్నారు. ఫ్యాక్టరీలు, డబ్బు చూస్తే కూడా జావాదే పైచేయి, కంబోడియా ఇంకా ఎక్కువగా బట్టలు కుట్టి పంపడం మీద, టూరిస్టుల మీద నడుస్తోంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు పోతామంటే కూడా జావాకే పొమ్మంటాను. మనవాళ్లు కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు, అక్కడి బాతిక్‌లో కరిగిన మైనంతో గీసి రంగులో ముంచుతారు, మైనం ఉన్న చోట రంగు అంటదు.

ఇంత చెప్పి కూడా నా ఓటు కంబోడియాకే. ఎందుకంటే అక్కడి టోన్లే సాప్ నది, దాని పైనున్న అదే పేరు సరస్సు. వానాకాలంలో మెకాంగ్ అనే పెద్ద నది పొంగి, ఆ నీళ్ల ఒత్తిడికి టోన్లే సాప్ నది వెనక్కి తిరిగి పారుతుంది, పైనున్న సరస్సు ఐదారు రెట్లు పెరుగుతుంది. వాన తగ్గాక నది మళ్లీ కిందికి తిరుగుతుంది, దానికో పండగ, పడవ పందేలు. జనం తినే చేపల్లో పెద్ద వాటా ఇక్కడిదే, ఒడ్డున చాలా ఇళ్లు ఎత్తైన కర్రల మీద. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే స్వర్ణముఖిని చూసి పెరిగిన కళ్లకు ఇది చాలదా? పైగా అంకోర్ రాజులు మన రాయల కాలం వాళ్లలాగే చెరువుల పిచ్చోళ్లు, పశ్చిమ బరాయ్ అనే ఒక్క చెరువే 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు.

పోతే అక్టోబర్‌లో పో, సరస్సు నిండుగా ఉంటుంది అన్నాను. ఏప్రిల్ సెలవుల్లో అయితే వద్దులే, ఆ ఎండ రేణిగుంటలోనే దొరుకుతుంది.