రెండు వెబర్ 40లు, మూడేళ్ళ వాడకం, పట్టేసిన యాక్సిలరేటర్

నాది పాత కార్బ్యురేటర్ మారుతి ఎస్టీమ్ కారు, 1298 సీసీ. దాని మీద రెండు వెబర్ 40 డీసీఓఈలు, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే రేసింగ్ కార్బ్యురేటర్లు (కార్బ్‌లు), వేయించి మూడేళ్ళు దాటింది, చెన్నై బయట ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో సొంత కార్లు తోలుకోనిచ్చే ట్రాక్ డేలకి తప్ప కారు బయటికి తీయను. సౌండ్ గురించి చెప్పక్కర్లేదు, కార్బ్‌ల నాలుగు గాలి గొట్టాలు, అదే ట్రంపెట్లు, ఒకేసారి గాలి పీల్చే ఆ గుర్రు కోసమే సగం మంది కొంటారు, నేనూ అంతే. రెండు కార్బ్‌లూ సమానంగా తెరుచుకునే సింక్ ఒకసారి సరిగ్గా కుదిరితే నెలలు గడిచినా కదల్లేదు, పైన చిన్న మూత విప్పితే పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు మార్చడం నిమిషాల పని. మే నెల మధ్యాహ్నం మాత్రం పిట్‌లో ఆపి మళ్ళీ స్టార్ట్ చేయాలంటే చుక్కలు కనిపిస్తాయి, పెట్రోల్ లోపలే కాగిపోతుంది.

ఇక అసలు గొడవ. రెండో ఏడు, మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటి మలుపు సీ1 దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను, ఇంజన్ వేగం దిగలేదు. క్లచ్ తొక్కి కిల్ స్విచ్ కొట్టి గడ్డిలోకి వెళ్ళి ఆగాను, చేతులు వణికాయి, అబద్ధమెందుకు.

కార్లు నిలిపే పాడాక్‌లో మెకానిక్ అన్న బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ కేబుల్ లాగే కార్బ్ లివర్‌ని చేత్తో తిప్పి వదిలితే టక్కున మూసుకుంది. ఇరవై సార్లు తిప్పాడు, ఇరవై సార్లూ టక్కే. అయినా అందరి అనుమానమూ కార్బ్‌ల మీదే, దాంతో విప్పించి బేరింగులు కడిగించి, గాలిని మూసి తెరిచే రేకులు, అదే బటర్‌ఫ్లైలు, లైటుకి పెట్టి సెంటర్ చేయించి, కొత్త స్ప్రింగులు వేయించా. ఆ రేకులు బిగించే కడ్డీల్లో, అదే షాఫ్ట్‌లలో, ఒకటి కాస్త మెలి తిరిగిందని అప్పుడే చెప్పారు, మార్చేసి ఊరుకున్నా, ఎందుకు తిరిగిందని అడగలేదు, బుద్ధి తక్కువ. తర్వాతి ట్రాక్ డేకి మళ్ళీ అదే చోట పట్టేసింది.

ఈసారి నెల్లూరు నుంచి వచ్చిన మా బావ, ఇంజన్ ఆపే ఉంచి, షూతోనే సీట్లో కూర్చుని "నేను తొక్కుతా, నువ్వు చూడు" అన్నాడు. సగం తొక్కితే బాగానే వెనక్కొచ్చింది, అడుగంటా తొక్కాక కాలు తీస్తే లివర్ అక్కడే ఉండిపోయింది! కార్బ్ దగ్గర కేబుల్ ఊడదీస్తే లివర్ టక్కున మూసుకుంది, కేబుల్ మాత్రం కదల్లేదు. అంటే లివర్ చేత్తో తిప్పినంతసేపూ కేబుల్ వదులైపోతుందే తప్ప లోపల కదలనే కదలదు, మరి దాని జబ్బు ఎలా బయటపడుతుంది?

డాష్ కింద తల దూర్చి ఫోన్ టార్చ్ వేస్తే పెడల్ దగ్గర కేబుల్ లోపలి తీగ (ఇన్నర్) రెండు పోగులు తెగి పిల్లి మీసంలా విచ్చుకుని ఉన్నాయి. ఫుల్‌గా తొక్కితేనే ఆ ముక్క పై తొడుగు (ఔటర్) నోట్లోంచి బయటికొచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు మూతి దగ్గర ఇరుక్కుంటోంది. పెడల్ కింద స్టాప్ లేదు, నా కాలి బలమంతా కేబుల్ మీదా షాఫ్ట్ మీదా పడింది, మెలి కూడా అందుకే.

చెన్నైలో కారు సామాన్లు దొరికే పుదుపేటలో కొత్త కేబుల్ చేయించి, లివర్ ఫుల్‌గా తెరుచుకునేసరికి పెడల్ ఆగేలా స్టాప్ బోల్టు పెట్టించి, ఒక్కో కార్బ్‌కి అదనంగా ఇంకో స్ప్రింగ్ తగిలించా. పెడల్‌కి బొటనవేలితో పైకి లేపే కొక్కెం కూడా ఉందిప్పుడు. ఏడాదైంది, మళ్ళీ పట్టేయలేదు.

కార్బ్‌లకి ఐదుకి నాలుగు, ఆ ఒక్క మార్కూ కోసింది వేడి మీద స్టార్ట్ కానందుకే. కార్బ్‌ల కిట్‌తో ఇచ్చిన ఆ పాత కేబుల్‌కి సున్నా.