పోలరాయిడ్ 250 కెమెరా, ఫూజీ ప్యాక్ ఫిల్ము: ఏళ్ల తరబడి వాడాక

పోలరాయిడ్ ఆటోమాటిక్ 250 ల్యాండ్ కెమెరాలో ఫూజీ ఎఫ్‌పీ-100సీ రంగుల ఫిల్మునూ, ఎఫ్‌పీ-3000బీ నలుపు తెలుపు ఫిల్మునూ ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీ ఆగిపోయిన సరుకుకు ఇప్పుడు సమీక్ష ఎందుకన్న ప్రశ్న రావడం సహజమే. అయితే ఈ కెమెరాలు అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ తక్కువ ధరకే కనిపిస్తున్నాయి, గడువు తీరిన ఫిల్ము ప్యాకులు వేలం సైట్లలో కళ్లు తిరిగే ధరలకు అమ్ముడవుతున్నాయి. కెమెరా చవకగా దొరికిందని సంబరపడి, ఫిల్ము కోసం జేబు ఖాళీ చేసుకుంటున్నవారికి ఈ వివరాలు పనికివస్తాయి.

ముందుగా ప్యాక్ ఫిల్ము అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇన్‌స్టంట్ ఫిల్ము అనగానే చాలామందికి కెమెరా ముందునుంచి తెల్ల అంచుతో బయటికి వచ్చి, చూస్తుండగానే బొమ్మ తేలే చదరపు కాగితమే గుర్తుకు వస్తుంది. అది 1972లో ఎస్‌ఎక్స్-70 కెమెరాతో వచ్చిన పద్ధతి. ప్యాక్ ఫిల్ము అంతకు ముందుది. ఎడ్విన్ ల్యాండ్ స్థాపించిన పోలరాయిడ్ సంస్థ దీన్ని 1963లో ఆటోమాటిక్ 100 కెమెరాతోపాటు విడుదల చేసింది. ఇందులో నెగెటివ్ వేరు, ప్రింటు కాగితం వేరు. రెండింటినీ కలిపి కెమెరాలోంచి చేత్తో లాగాలి, కొంతసేపు ఆగి ఒకదాన్నుంచి మరొకదాన్ని ఒలవాలి. బొమ్మ కొలత దాదాపు 7.3 సెంటీమీటర్లకు 9.5 సెంటీమీటర్లు, అంటే ఫూజీ వారి నేటి చిన్న ఇన్‌స్టంట్ ఫిల్ము ఇన్‌స్టాక్స్ మినీ బొమ్మతో పోలిస్తే వైశాల్యంలో రెట్టింపు కన్నా ఎక్కువ.

లోపల జరిగే పని తెలిస్తే ఈ ఫిల్ముతో సగం ఇబ్బందులు తప్పుతాయి. ప్యాకులో లెన్సువైపు నెగెటివ్‌లు, వాటి వెనక ప్రింటు కాగితాలు ఉంటాయి. ప్యాకు పెట్టి తలుపు మూశాక మొదట నల్ల కాగితాన్ని లాగేయాలి. ఫోటో తీశాక తెల్లటి చిన్న కాగితపు తోకను లాగితే, వెలుగు సోకిన నెగెటివ్ ప్యాకు అంచును చుట్టి వెనక్కి తిరిగి ప్రింటు కాగితానికి ఎదురుగా చేరుతుంది, అదే సమయంలో పక్కనున్న సందులోంచి పసుపు తోక బయటికి వస్తుంది. ఆ పసుపు తోకను పట్టుకుని లాగినప్పుడు రెండు కాగితాలూ రెండు ఉక్కు రోలర్ల మధ్య నలిగి వస్తాయి, కాగితం చివర ఉన్న చిన్న పొట్లం పగిలి, అందులోని చిక్కటి క్షార ద్రవం రెండింటి మధ్యా పలుచగా పరుచుకుంటుంది. నలుపు తెలుపు ఫిల్ములో వెలుగు సోకని వెండి లవణం కరిగి అవతలి కాగితం మీదికి వలసపోయి అక్కడ నల్లటి వెండిగా తేలుతుంది. వెలుగు సోకిన చోట వెండి నెగెటివ్‌లోనే చిక్కుకుపోతుంది కనుక ప్రింటు మీద ఆ చోటు తెల్లగా మిగులుతుంది. నెగెటివ్ మీద ఎడమ కుడులు తారుమారైన బొమ్మ ఎదుటి కాగితానికి అంటుకునేటప్పుడు మళ్లీ సరిపడుతుంది కనుక, కెమెరాలో అద్దం అవసరం లేకుండానే బొమ్మ సవ్యంగా వస్తుంది.

కనుక ఈ ఫిల్ములో ప్రయోగశాల మన చెయ్యే. పసుపు తోకను ఒకే వేగంతో, కెమెరాకు సూటిగా, మధ్యలో ఆపకుండా లాగాలి. మధ్యలో తడబడితే బొమ్మకు అడ్డంగా గీత పడుతుంది, పక్కకు వంచి లాగితే ద్రవం ఒక మూలకు చేరక అక్కడ తెల్లటి ముక్కోణం మిగిలిపోతుంది, మరీ గబుక్కున లాగితే బుడగలు పడతాయి. రోలర్ల మీద ఎండిన ద్రవం చుక్క ఒక్కటున్నా, అది ప్రతి బొమ్మలోనూ సమాన దూరంలో మచ్చలై కనిపిస్తుంది. ప్యాకు మార్చిన ప్రతిసారీ రోలర్లను తడి గుడ్డతో తుడిచి, వేలితో తిప్పి చూడడం నాకు అలవాటైంది, ఆ తరువాత మచ్చల బెడద దాదాపు పోయింది. ఫూజీ ప్యాకుల ప్లాస్టిక్ పెట్టె పాత పోలరాయిడ్ పెట్టెలకన్నా కాస్త బిగువుగా కూర్చుంటుంది, అందువల్ల తెల్ల తోకలు చిరిగిపోవడం, పసుపు తోక బయటికి రాకపోవడం ఈ కెమెరాల్లో తరచు వినిపించే ఫిర్యాదు. వెనక తలుపుకు ఉన్న ఒత్తుడు స్ప్రింగులను కొందరు తీసేస్తారు. నా కెమెరాలో వాటిని కొద్దిగా వంచితే సరిపోయింది.

ఉష్ణోగ్రత రెండో సంగతి. ఎఫ్‌పీ-100సీకి 25 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు పడుతుంది. చలి పెరిగేకొద్దీ ఆగాల్సిన సమయమూ పెరుగుతుంది, లేకపోతే రంగులు నీలంగా, నీరసంగా వస్తాయి. పోలరాయిడ్ వారు ఇందుకోసం రెండు అల్యూమినియం రేకులను బందుతో కలిపిన చిన్న అట్టలాంటిది కెమెరాతోపాటు ఇచ్చేవారు. దాన్ని చొక్కా లోపలి జేబులో వేడెక్కించి, లాగిన ఫిల్మును అందులో పెట్టి ఉంచాలి. నేనుండే అమెరికా ఉత్తర ప్రాంతంలో డిసెంబరులో ఇది లేకుండా రంగుల ఫిల్ము వాడడం దండగ. వేసవిలో గుంటూరు జిల్లాలోని మా ఊరికి వెళ్లినప్పుడు కథ పూర్తిగా తిరగబడేది. మే నెల మధ్యాహ్నం రెండు నిమిషాలు ఆగనవసరమే లేదు, బొమ్మ ముందే పూర్తయ్యేది. ఎండలో ఉన్న ప్యాకు నుంచి వచ్చిన బొమ్మల్లో రంగులు ఎర్రవైపు మొగ్గేవి. తడి గుడ్డ చుట్టిన స్టీలు డబ్బాలో ప్యాకులు పెట్టి, కావలసినప్పుడే కెమెరాలో వేస్తే ఆ తేడా తగ్గింది. ఒలిచిన వెంటనే ప్రింటు తడిగా, అంటుకునేలా ఉంటుంది. మా ఊరి గాలిలోని దుమ్మంతా దాని మీదే వాలుతుంది, అందుకని ఆరేదాకా మూత లేని బిస్కెట్ల డబ్బాను బోర్లించి దాని కింద ఉంచేవాణ్ణి.

ఇక ఎఫ్‌పీ-100సీ గుణాల విషయానికి వస్తే, వాడుకలో ఇది పాత స్లైడు ఫిల్ముకు దగ్గర. ఎక్స్‌పోజరులో, అంటే ఫిల్ము మీద పడే వెలుగు మోతాదులో, తప్పుకు చోటు చాలా తక్కువ. నడి ఎండలో తెల్ల పంచె కట్టుకున్న రైతును తీస్తే, ముఖం సరిగ్గా వచ్చేలా చూసుకుంటే పంచె పూర్తిగా సున్నమైపోతుంది, పంచె మడతలు కనిపించేలా చూసుకుంటే ముఖం మసైపోతుంది. అదే మనిషిని వసారా నీడలోకి తెచ్చి, బయటి వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోబెడితే, చామన ఛాయను ఇంత నిండుగా, ఇంత నిజంగా పట్టిన ఇన్‌స్టంట్ ఫిల్మును నేను మరొకటి చూడలేదు. మా నాయనమ్మ బొమ్మ ఒకటి అలా తీసిందే. ముక్కుపుడక రాయిలోని ఎరుపు, చీర అంచు జరీ దారాల మెరుపు భూతద్దంతో చూసినా చెదరకుండా నిలిచాయి. ఇన్‌స్టాక్స్‌లో ఆ పదును రాదు.

ఎఫ్‌పీ-3000బీ స్వభావం వేరు. 3000 వేగం, అంటే కొద్ది వెలుగునూ పట్టే సున్నితత్వం, ఉండడం వల్ల ఇంట్లో కిటికీ వెలుగుకు, ఫ్లాష్ లేకుండా చేతిలో పట్టుకునే తీయవచ్చు, సగం నిమిషంలోపే బొమ్మ చేతిలో ఉంటుంది. నలుపు గాఢంగా, తెలుపు శుభ్రంగా, మధ్య ఛాయలు మెత్తగా వస్తాయి. ఒలిచేసిన నెగెటివ్‌ను చాలామంది పారేసేవారు కాని, దాన్ని ఆరబెట్టి స్కాన్ చేసి తిరగేస్తే ప్రింటులో లేని వివరాలు కూడా అందులో కనిపిస్తాయి. దీనితో నాకున్న చిక్కల్లా విమానాశ్రయాల్లోనే. ఇంత వేగమున్న ఫిల్ముకు ఎక్స్-రే తగిలితే పొగచూరినట్టు మసక పడుతుంది. చేత్తో తనిఖీ చేయమని అడిగితే కొన్ని చోట్ల మర్యాదగా ఒప్పుకున్నారు, ఒక చోట మాత్రం ససేమిరా అన్నారు. ఆ ప్యాకులో నలుపులన్నీ బూడిద రంగుకు తిరిగాయి.

రంగుల ఫిల్ము నెగెటివ్‌ను కూడా బతికించవచ్చు, దాని వెనకనున్న నల్లటి పూతను బట్టల బ్లీచుతో కరిగిస్తే సరి. నెగెటివ్ బాగా ఆరాక బొమ్మవైపు కిందకు ఉండేలా గాజు పలక మీద పెట్టి, నాలుగు అంచులకూ నీరు చొరబడని టేపు అంటించి, పైనున్న నల్ల పూత మీద బ్లీచు పోసి మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా రుద్దాలి. ఆ పూత బురదలా లేచి వచ్చేస్తుంది, కింద పారదర్శకమైన నెగెటివ్ మిగులుతుంది. తరువాత గోరువెచ్చని నీటితో కడిగి, వేలాడదీసి ఆరబెట్టాలి. బ్లీచు ఒక్క చుక్క బొమ్మవైపు చేరినా అక్కడ రంగు మాయమవుతుంది. రబ్బరు చేతొడుగులు తప్పనిసరి, బ్లీచు కోసమే కాదు, ఒలిచిన కాగితాల మీద మిగిలిన క్షార ద్రవం కూడా చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ కాగితాలను ఎక్కడబడితే అక్కడ పడేయకూడదు. పర్యాటక స్థలాల్లో ఈ జిగురు కాగితాలు వదిలి వెళ్లిన ఫోటోగ్రాఫర్లను చూసి నేను సిగ్గుపడిన సందర్భాలు ఉన్నాయి.

కెమెరా సంగతి. 250 నమూనా 1967 ప్రాంతంలో వచ్చింది. లోహపు ఒళ్లు, మూడు గాజు కటకాల 114 ఎంఎం ఎఫ్8.8 లెన్సు, మడతపడే తిత్తి, జైస్ ఐకాన్ సంస్థ తయారుచేసిన రేంజ్‌ఫైండర్ (దూరం చూసి ఫోకస్ పట్టే భాగం). దూరం సరిచూసుకోవడం, చట్రంలో బొమ్మ పొందిక చూసుకోవడం ఒకే కిటికీలో జరిగిపోతాయి, చవక నమూనాల్లో ఆ సౌకర్యం ఉండదు. ఫోకస్ పట్టే చోట 1, షట్టరు మీటకు 2, షట్టరును ఎక్కుపెట్టే మీటకు 3 అని అంకెలు వేశారు, కనుక ఎన్నడూ కెమెరా పట్టని వాళ్లకు ఇచ్చినా నిమిషంలో అర్థమవుతుంది. ఎక్స్‌పోజరును వెలుగును కొలిచే కెమెరా కన్నే నిర్ణయిస్తుంది. ఫిల్ము వేగాన్ని 75 మీద పెట్టి, కన్ను చుట్టునున్న రింగును ముదురువైపు కొద్దిగా తిప్పితే ఎఫ్‌పీ-100సీ చక్కగా వస్తుంది.

దీనికి వేసే పాత 4.5 వోల్టుల బ్యాటరీ దొరకడం కష్టం. మూడు ట్రిపుల్ ఏ సెల్స్ పట్టే ప్లాస్టిక్ అర లోపల అమర్చి, తీగలు కలిపితే పని జరుగుతుంది. కొనేముందు ఒక పరీక్ష చేసుకోవాలి: బ్యాటరీ ఉన్న కెమెరా కంటికి వేలు అడ్డుపెట్టి, షట్టరు మీట నొక్కి పట్టుకుంటే మొదటి టిక్కుకూ రెండో టిక్కుకూ మధ్య స్పష్టమైన ఎడం వినిపించాలి. రెండూ వెంటవెంటనే వినిపిస్తే బ్యాటరీ అయినా, లోపలి సర్క్యూట్ అయినా చచ్చిందని అర్థం. తిత్తి మూలల్లో రంధ్రాలున్నాయేమో చీకటి గదిలో లోపలినుంచి టార్చి వేసి చూడాలి. అర్ధశతాబ్దం దాటిన తోలు, గుడ్డ అవి.

పూర్తి స్వేచ్ఛ కావాలనుకునేవారు షట్టరు వేగం, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) చేత్తో మార్చుకోగల 180, 195 నమూనాల కోసం వెతుకుతారు. ఒక మిత్రుడి 195ను కొంతకాలం వాడాను. ఎఫ్3.8 లెన్సు వల్ల వెనక దృశ్యం మెత్తగా కరిగిపోవడం అందంగా ఉన్నా, దాని ధరకూ 250 ధరకూ ఉన్న తేడాకు బొమ్మల్లో తేడా సరితూగదని నా అభిప్రాయం. మామియా తయారుచేసిన 600ఎస్‌ఈ గొప్ప యంత్రమే, కాని మెడలో వేసుకుని తిరిగితే సాయంత్రానికి మెడ నొప్పి ఖాయం. 1971లో వచ్చిన పోలరాయిడ్ బిగ్ షాట్ మనుషుల ముఖాల ఫోటోలకు మాత్రమే. దాని ఫోకస్ ఒక మీటరు దగ్గర స్థిరంగా ఉంటుంది కనుక కెమెరా పట్టుకున్న మనిషే ముందుకూ వెనక్కూ జరగాలి. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1970ల నుంచి వేసిన మనుషుల ముఖాల చిత్రాలకు ఆధారమైన ఫోటోలను చాలావరకు దానితోనే తీశాడు.

ఇన్‌స్టంట్ ఫిల్ము సరదా వస్తువుగా జ్ఞాపకాల్లో మిగిలిపోవడం నాకు నచ్చదు. స్టూడియోల్లో ఖరీదైన స్లైడు ఫిల్ము వాడే ముందు హాసెల్‌బ్లాడ్ కెమెరా వెనక పోలరాయిడ్ ఫిల్ము పట్టే అర తగిలించి దీపాల అమరికను సరిచూసుకునేవారు, ఆ బొమ్మ చూపించి, పని ఇచ్చినవారు ఒప్పుకున్నాకే అసలు ఫోటో తీసేవారు. పాస్‌పోర్టు ఫోటోల కోసం నాలుగు లెన్సుల కెమెరా ఒకే కాగితం మీద నాలుగు బొమ్మలు దింపేది. ఆ పనులన్నీ డిజిటల్ కెమెరా వెనకనున్న తెరకు మారిపోయాక మిగిలింది మనబోటి అభిమానులమే, ఆ గిరాకీతో పెద్ద కర్మాగారం నడవదు. పోలరాయిడ్ 2008లో తయారీ ఆపేసింది. ఫూజీ 2013లో ఎఫ్‌పీ-3000బీకి, 2016 ఫిబ్రవరిలో ఎఫ్‌పీ-100సీకి ముగింపు ప్రకటించింది. వియన్నాలోని సూపర్‌సెన్స్ వారు వన్ ఇన్‌స్టంట్ పేరుతో ప్యాకుకు ఒక్క బొమ్మ చొప్పున చేత్తో కూర్చిన ఫిల్ము తెచ్చారు. వారి పట్టుదలకు నమస్కారమే కాని, ఒక్కో బొమ్మకు పెట్టే ఖర్చు చూస్తే రోజువారీ వాడకానికి అది కుదిరే పని కాదు.

కాబట్టి ఇప్పుడు కొనాలా అంటే, ఫిల్ము కోసమైతే వద్దంటాను. గడువు తీరిన ప్యాకుల్లో అసలు సమస్య రంగు మారడం కాదు, పొట్లంలోని ద్రవం ఎండిపోవడం. ఒక అమ్మకందారు ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచామని చెప్పి పంపిన ప్యాకులో సగం బొమ్మలకు ద్రవం మధ్యదాకానే చేరింది, మిగతా సగం ఖాళీ కాగితం. ఎండిన పొట్లానికి మందు లేదు. మీ దగ్గర ఇప్పటికే ప్యాకులుంటే ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, డీప్ ఫ్రీజరులో పెట్టకండి, గడ్డకడితే ఆ ద్రవమే పాడవుతుంది. వాడే ముందురోజు బయటపెట్టి గది వేడికి రానివ్వండి, తీసిన ప్యాకును మిగిల్చకుండా అదే రోజు పూర్తి చేయండి. కెమెరా మాత్రమే చవకగా దొరికితే తీసుకోవచ్చు. కొందరు దాని వెనక భాగాన్ని మార్చి ఇన్‌స్టాక్స్ వైడ్ ఫిల్ము పట్టేలా చేస్తున్నారు. ఆ లెన్సు, ఆ రేంజ్‌ఫైండర్ అందుకు బాగానే పనికివస్తాయి, అయితే మార్పు చేయించే ఖర్చును కెమెరా ధరతో కలిపి లెక్కవేసుకున్నాకే దిగండి.