‘పార్టులు తెప్పించి రోడ్ బైక్ బిగించి ఇస్తాం’ అనేవాళ్లకు అడ్వాన్స్ కట్టే ముందు – జాగ్రత్త

రోడ్డు మీద వేగంగా తొక్కే గేర్ల సైకిల్, అంటే కొత్త రోడ్ బైక్ కోసం చూస్తున్నవాళ్లకు ఇన్‌స్టాలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక రకం ఆఫర్ పదే పదే ఎదురవుతోంది. కార్బన్ ఫ్రేమ్, షిమానో కంపెనీ ‘105’ మోడల్ ట్వెల్వ్ స్పీడ్ గేర్లు (వెనక పన్నెండు పళ్లచక్రాలు), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, కార్బన్ వీల్స్ అన్నీ విడివిడిగా తెప్పించి, మీ కొలతలకు బిగించి, షోరూమ్‌లో అల్యూమినియం బైక్‌కి అయ్యే డబ్బుకే ఇస్తామంటారు. సగం అడ్వాన్స్, మిగతా సగం పార్సిల్ బయల్దేరే ముందు. బిల్లు అడిగితే ‘జీఎస్టీ కలిస్తే రేటు పెరుగుతుంది’ అంటారు. సైకిళ్ల మీదా విడిభాగాల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయిదు శాతం మిగులుతుందని బిల్లు వదులుకుంటే వారంటీ, రిటర్న్ దాంతోపాటే పోతాయి, ఫిర్యాదు చేయడమూ కష్టమవుతుంది.

ఇలాంటి బైక్ పెట్టె విప్పగానే బ్రేక్ లివర్ల మీద 105 అనే ఉంటుంది. ముందు కంటపడేది అవే కాబట్టి అక్కడ మోసం చేయరు. మార్పంతా కింద, వెనక, లోపల జరుగుతుంది. క్రాంక్ ఆర్మ్ (పెడల్ బిగించే కడ్డీ) లోపలివైపు ఎఫ్‌సీ-ఆర్7100 అని ఉండాల్సిన చోట ఎఫ్‌సీ-ఆర్‌ఎస్510 అని ఉంటుంది. అది లెవెన్ స్పీడ్ కోసం చేసిన క్రాంక్, 105 సెట్‌లోది కాదు. క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల కట్ట) ఊరూపేరూ లేని స్టీల్‌ది. చెయిన్ మీద ఏ మార్కూ ఉండదు. బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్లు తక్కువ రకానివి. ‘105 గేర్లు’ అన్నారు కదా అని నిలదీస్తే ‘గేర్లు 105యేగా’ అంటారు.

అందుకే ‘105 గ్రూప్‌సెట్’ (గేర్లు, బ్రేకులు, క్రాంక్ అన్నీ కలిపిన సెట్) అనే మాట మీద డబ్బు కట్టకండి. మోడల్ నంబర్లతో జాబితా రాయించుకోండి. హైడ్రాలిక్ బ్రేకులున్న మెకానికల్ (కేబుల్ లాగితే గేరు మారే) ట్వెల్వ్ స్పీడ్ 105 అయితే లివర్లు ఎస్‌టీ-ఆర్7120, వెనక డిరెయిలర్ (చెయిన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) ఆర్‌డీ-ఆర్7100, ముందుది ఎఫ్‌డీ-ఆర్7100, క్రాంక్ ఎఫ్‌సీ-ఆర్7100, కాలిపర్లు బీఆర్-ఆర్7170. వీటితోపాటు క్యాసెట్, చెయిన్, రోటర్లు (బ్రేక్ డిస్కులు), బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగులు), హబ్బులు (చక్రాల నడిమి భాగాలు) కూడా ఏ కంపెనీవో, ఏ మోడలో అదే కాగితం మీద ఉండాలి. అసలైన షిమానో పార్టు మీద దాని నంబరు ముద్రించి ఉంటుంది. ఫొటోలో ఆ నంబరు కనిపించేలా తీసి పంపమనండి. ‘స్టాక్ వచ్చాక పంపుతా’ అంటే డబ్బు కూడా స్టాక్ వచ్చాకే పంపండి.

మిగిలిపోయిన పార్టులు కలిపేసి అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ట్వెల్వ్ స్పీడ్ లివర్‌కి లెవెన్ స్పీడ్ వెనక డిరెయిలర్ బిగిస్తే గేర్లు ఎంత ట్యూన్ చేసినా కుదరవు. ఒక్కో క్లిక్‌కి లివర్ లాగే కేబుల్ పొడవు, ఆ డిరెయిలర్‌కి కావలసిన పొడవు వేరు. షిమానోలోనే ఇంకో సెట్ టియాగ్రా. అందులో 4700 పది స్పీడే, 4600 కూడా పది స్పీడే అయినా ఇదే కారణంతో ఒకదాని లివర్ ఇంకోదాని డిరెయిలర్‌తో పనిచేయదు. మెకానిక్ దగ్గరికి పదిసార్లు తిరిగినా ‘కేబుల్ కొత్తది కదా, సెట్ అవుతుంది’ అనే వింటారు. అది ఎప్పటికీ సెట్ కాదు.

ఇక ఫ్రేమ్. పినరెల్లో, స్పెషలైజ్డ్ లాంటి పేర్ల స్టిక్కర్లు వేసిన నకిలీ కార్బన్ ఫ్రేములు చాలా ఏళ్లుగా చలామణిలో ఉన్నాయి. చైనాలో తయారవడం ఇక్కడ సమస్య కాదు. పెద్ద బ్రాండ్ల కార్బన్ ఫ్రేములు కూడా చాలావరకు చైనా, తైవాన్ ఫ్యాక్టరీల నుంచే వస్తాయి. సొంత పేరుతో, సొంత వారంటీతో అమ్మే చైనా కంపెనీల ఫ్రేము కొనడం ఒక సంగతి. ఇంకొకరి పేరు అతికించి అమ్మేది కొనడం వేరే సంగతి. నకిలీని తయారుచేసినవాడు ఎవరో తెలియదు, పరీక్ష చేశాడో లేదో తెలియదు, విరిగితే అడగడానికి మనిషే ఉండడు.

ఫ్రేమ్ చేతికొచ్చాక తప్పనిసరిగా చూడాల్సింది ఫోర్క్ స్టీరర్, అంటే హ్యాండిల్‌ని ఫోర్క్‌తో కలిపే నిలువు గొట్టం. బైక్‌ని స్టాండ్‌కి ఎక్కించి, స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి బిగించే ముక్క) పైనున్న టాప్ క్యాప్ బోల్టు తీయండి. స్టెమ్ పక్కనున్న రెండు బోల్టులు వదులు చేసి, ఫోర్క్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా కిందికి దించండి. బ్రేక్ హోస్ (ఆయిల్ గొట్టం) లోపలినుంచి వెళ్తుంటే అది లాగకుండా చూసుకోండి. స్టీరర్‌ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, టార్చి పక్కనుంచి వాలుగా పడేలా పట్టి గుండ్రంగా తిప్పుతూ చూడండి. కార్బన్ బట్ట ముడతలు పడి ఉండటం, రెసిన్ తెల్లగా గడ్డకట్టి ఉండటం, కోసిన అంచు దగ్గర పొరలు విడిపోయి పీచులు లేవడం, స్టెమ్ బిగిసిన చోట గుండ్రటి నొక్కు పడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ఫోర్క్ మీద ఎక్కొద్దు. కింద క్రౌన్ (ఫోర్క్ రెండు కాళ్లుగా చీలే చోటు) దగ్గర, బేరింగ్ కూర్చునే చోట, ఇంకాస్త ఎక్కువసేపు చూడండి. స్టీరర్ లోపల విచ్చుకుని బిగిసే కంప్రెషన్ ప్లగ్ ఉండాలి, అది స్టెమ్ బిగిసే ఎత్తులోనే ఉండాలి. అల్యూమినియం, స్టీల్ స్టీరర్లలో దిగగొట్టే స్టార్ నట్‌ని కార్బన్‌లో దిగగొట్టి పంపినవాళ్లకు అసలు పనే తెలియదని అర్థం. ఆ దెబ్బకే లోపలి పొరలు చీలతాయి. స్టీరర్ విరిగితే చాలాసార్లు ముందుగా సూచన ఉండదు, హ్యాండిల్ చేతిలోకి వచ్చేసి మొహం నేరుగా రోడ్డుకు తగులుతుంది.

కొంతమంది మధ్యవర్తిని నమ్మక, ఫ్రేమ్ ఒకచోట, మిగతావి ఇంకోచోట సొంతంగా కొంటారు. ఆలోచన మంచిదే. కానీ డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది కూడా ఇక్కడే, ఎందుకంటే రంగు నచ్చి ముందు ఫ్రేమ్ ఆర్డర్ పెట్టేసి, కొలతలు తర్వాత చూస్తారు.

అన్నిటికన్నా ముందు బాటమ్ బ్రాకెట్ షెల్ (ఫ్రేమ్‌లో క్రాంక్ ఇరుసు కూర్చునే గొట్టం) చూడండి. బీఎస్ఏ అంటే మరలున్న 68 మి.మీ. షెల్. బీబీ86 అంటే 86.5 మి.మీ. వెడల్పు, 41 మి.మీ. రంధ్రం, మరలు లేకుండా నొక్కి కూర్చోబెట్టే ప్రెస్‌ఫిట్. పీఎఫ్30 అయితే 68 వెడల్పు, 46 రంధ్రం. షిమానో క్రాంక్ ఇరుసు 24 మి.మీ., ఇంకో కంపెనీ శ్రామ్ వాడే డబ్ రకం ఇరుసు 28.99. పీఎఫ్30 షెల్‌లో షిమానో క్రాంక్ పెట్టాలంటే అడాప్టర్ కావాలి. 30 మి.మీ. ఇరుసుకి బీబీ86లో చోటు చాలదు, బేరింగ్ గుళ్లు మరీ చిన్నవైపోయి త్వరగా అరుగుతాయి. చౌక ప్రెస్‌ఫిట్ ఫ్రేముల్లో రంధ్రం సరిగ్గా గుండ్రంగా ఉండదు. తొక్కిన ప్రతిసారీ కిర్రుమంటుంటే గ్రీజు రాసి, విప్పి బిగించి విసిగిపోవడమే తప్ప దానికి తేలికైన విరుగుడు ఉండదు. ఎంచుకునే అవకాశం ఉంటే కళ్లుమూసుకుని మరలున్న షెల్ తీసుకోండి. ఒక్క జాగ్రత్త: బీఎస్ఏలో చెయిన్ వైపు కప్పుకి మర తిరగేసి ఉంటుంది, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. మామూలు సైకిల్ షాపుల్లో కుర్రాళ్లు కుడికి తిప్పి బలవంతంగా దింపి మర చెడగొట్టేది ఇక్కడే. ముందు చేత్తో నాలుగైదు చుట్లు నునుపుగా దిగాలి, ఆ తర్వాతే స్పానర్. బిగింపు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు.

వెనక ఇరుసు డిస్క్ బైకుల్లో సాధారణంగా 12×142 మి.మీ., ముందు 12×100. ఇది చాలామంది చూస్తారు. థ్రూ యాక్సిల్ (హబ్ గుండా దూరి ఫ్రేమ్‌లో బిగిసే ఇరుసు) మర పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.0, 1.5, 1.75 అని మూడు రకాలుంటుందన్నది చూడరు. పిచ్ కుదరని యాక్సిల్‌ని కాస్త బలంగా తిప్పితే ఫ్రేమ్‌లోని మర పోతుంది. యాక్సిల్ ఫ్రేమ్‌తోనే రావాలని పట్టుబట్టండి. డిరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టించే హ్యాంగర్ కూడా అంతే. బైక్ కుడివైపు పడితే మొదట వంగేది అదే. పేరులేని ఫ్రేమ్‌కి సరిపోయే హ్యాంగర్ తర్వాత దొరకడం కష్టం, రెండు అదనంగా ముందే తీసుకోండి. హెడ్‌సెట్ (స్టీరర్ తిరిగే చోటు) బేరింగుల మీద 36×45 లేదా 45×45 అని కోణాలు చెక్కి ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే పైకి బాగానే కూర్చున్నట్టుంటుంది గానీ, కొద్ది రోజుల్లోనే స్టీరింగ్ లూజ్ అవుతుంది. పాత బేరింగ్ మీద అంకెలు చదివే కొత్తది కొనండి.

డబ్బు కలిసొస్తుందని సెకండ్‌హ్యాండ్ అల్టెగ్రా, డ్యూరా-ఏస్ (షిమానోలో 105 కన్నా పై రకాలు) క్రాంక్ వేస్తామంటే మరీ జాగ్రత్త. 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన లెవెన్ స్పీడ్ క్రాంకుల్లో రెండు ముక్కలుగా అతికించిన ఆర్మ్ విడిపోయి విరిగే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబర్‌లో షిమానోనే తనిఖీకి పిలిచింది. మోడళ్లు ఎఫ్‌సీ-6800, ఆర్8000, 9000, ఆర్9100, ఆర్9100-పీ. ఆర్మ్ లోపలివైపు రెండు ఇంగ్లిష్ అక్షరాల కోడ్ ఉంటుంది. కేఎఫ్ నుంచి ఆర్‌ఎఫ్ దాకా ఏదున్నా ఆ కాలంనాటిదే. కుడి ఆర్మ్ వెనక అతుకు గీత వెంబడి గోరుతో గీరి చూడండి. గోరు దిగబడినా, నల్లటి మురికి సన్నటి గీతలా బయటికొస్తున్నా, తొక్కేటప్పుడు టక్ టక్ మంటున్నా ఉచితంగా ఇచ్చినా వద్దు. బయటికి బాగున్నా లోపల విడివడి ఉండొచ్చు కాబట్టి కోడ్ ఆ వరుసలో ఉంటే కొనకపోవడమే నయం.

చౌక కార్బన్ వీల్స్‌లో కొన్నిటికి ఇప్పుడు హుక్‌లెస్ రిమ్ములు వస్తున్నాయి, అంటే టైరు అంచుని పట్టుకునే కొక్కెం ఉండదు. వీటిలో గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు. టైరు హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసి ఉన్న ట్యూబ్‌లెస్‌దే అయి ఉండాలి, రిమ్ లోపలి వెడల్పుకి తగ్గ సైజుదై ఉండాలి. మనలో చాలామందికి రోడ్ టైర్లలో 90, 100 కొట్టించే అలవాటుంది. అలా కొట్టిస్తే అనంతగిరి కొండ దిగుతున్నప్పుడో, ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు మీదో టైరు రిమ్ వదిలేయొచ్చు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పడం లేదు. రిమ్ హుక్ ఉన్నదా లేనిదా అని మీరే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

రెడీమేడ్‌గా ఆన్‌లైన్‌లో పెట్టెలో వచ్చే చౌక ‘రోడ్ బైకు’ల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ‘షిమానో గేర్లు’ అంటే వెనక డిరెయిలర్ ఒక్కటే షిమానోలో చౌక రకమైన టూర్నీ, మిగతాదేదీ షిమానో కాదు. వెనక హబ్‌లో క్యాసెట్ కాకుండా మరతో బిగించే ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్ ఉంటుంది. అందులో బేరింగ్ లోపలికి ఉంటుంది కాబట్టి బరువైనవాళ్లు, గతుకుల్లో తొక్కేవాళ్లు వాడితే ఇరుసు వంగుతుంది, విరుగుతుంది. ఫ్రీవీలా, క్యాసెట్టా అన్న ఒక్క ప్రశ్నతో సగం బైకులు పక్కకు పోతాయి.

మరి కొనాలా, బిగించుకోవాలా? మొదటి రోడ్ బైక్ అయితే పేరున్న షోరూమ్‌లో, ఎక్కి తొక్కి చూసి, పూర్తి బైకే కొనండి. కంపెనీలకు గ్రూప్‌సెట్లు, వీల్స్ టోకున పడే రేటు మనకు విడిగా ఎప్పటికీ పడదు. ఫ్రేమ్ వారంటీ కూడా సాధారణంగా బిల్లు మీద పేరున్న మొదటి యజమానికే వర్తిస్తుంది. సైజు తేల్చుకోవడానికి 52, 54 అనే అంకెల కన్నా ఫ్రేమ్ స్టాక్, రీచ్ కొలతలు (క్రాంక్ ఇరుసు నుంచి స్టీరర్ కూర్చునే గొట్టం పైఅంచుకి ఎత్తు, ముందుకు దూరం) పోల్చుకోండి, ఒక్కో కంపెనీ 54 ఒక్కోలా ఉంటుంది. మంచి గ్రూప్‌సెట్, వీల్స్ ఇప్పటికే చేతిలో ఉండి ఫ్రేమ్ మాత్రమే మార్చాలనుకునేవాళ్లకు, షోరూమ్ సైజులేవీ కుదరని మరీ పొడవైన, మరీ పొట్టి మనుషులకు సొంతంగా బిగించుకోవడం పనికొస్తుంది.

అప్పుడు కూడా లెక్కలో చిన్నచిన్నవి మరిచిపోకండి: బాటమ్ బ్రాకెట్, రోటర్లు, హోస్‌లు, వాటి చివర బిగించే ఆలివ్ రింగులు, కేబుళ్లు, బార్ టేప్, రిమ్ టేప్, సీలెంట్, ముందు డిరెయిలర్ క్లాంప్, స్పేసర్లు, కార్బన్ పేస్టు. పనిముట్లలో బిగింపును కొలిచే టార్క్ రెంచ్ తప్పనిసరి. షిమానో ఎడమ క్రాంక్ ఆర్మ్ బోల్టులు 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు, స్టెమ్, సీట్‌పోస్ట్ క్లాంపులు వాటి మీద రాసినంత, సాధారణంగా 5 దగ్గర. చేతి అంచనాతో బిగించి కార్బన్ సీట్‌పోస్టులు పగలగొట్టుకునేవాళ్లు చాలామంది. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిలే పోయాలి. మోటార్‌సైకిళ్ల షాపులో దొరికే డాట్ బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి లివర్లూ కాలిపర్లూ రెండూ పోతాయి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి, అవతలివాళ్లు ఫోన్ ఎత్తడం లేదంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. బైక్ వచ్చి, చెప్పిన పార్టులు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మీ దగ్గర ఉండాల్సినవి: మోడల్ నంబర్లున్న జాబితా, డబ్బు వెళ్లిన ఆధారం, చాట్ మొత్తం, పార్సిల్ మీద సీలు, చిరునామా కనిపిస్తుండగా మొదలుపెట్టి ఆపకుండా తీసిన వీడియో. ఆ వీడియోలో క్రాంక్ లోపలివైపు, డిరెయిలర్ వెనక, కాలిపర్ల మీద ఉన్న నంబర్లు ఒక్కొక్కటి దగ్గరగా చూపించండి. అది పూర్తయ్యేదాకా బైక్‌కి పెడల్ కూడా బిగించకండి, ‘వాడేశారు కాబట్టి వెనక్కి తీసుకోం’ అని తప్పించుకోవడానికి వాళ్లకు అది చాలు.