మడ అడవికి డబ్బులిచ్చాం, ఏం చేస్తున్నారో కూడా చూసొచ్చాం

ముందే చెప్పేస్తున్నా, నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోశానో కింద రాస్తాను, అది రసీదు గొడవ. సంస్థ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది, పైగా కోరంగి మడ అడవి కోసం పనిచేసేవాళ్లంటే కాకినాడ వాళ్లకి ఎలాగూ తెలిసిపోద్ది.

మా మావగారిది తాళ్లరేవు దగ్గర పల్లె. ప్రతి ఏడూ ఆయన ఆబ్దికానికి భోజనాలు కాకుండా ఇంకేదన్నా ఇద్దాం అంటారు మా ఆయన, ఒక ఏడు గుడికి ఇచ్చాం, ఒక ఏడు స్కూల్లో బెంచీలకి ఇచ్చాం, కిందటేడు డిసెంబర్లో ఈ సంస్థకి 5000 ఆన్‌లైన్‌లో వేశాం. మడ అడవే ఎందుకంటే మావగారు బతికున్నన్నాళ్లూ 96 తుఫాను గురించి చెప్పేవారు, 1996 నవంబర్ 6 రాత్రి, అసలు ఆ తేదీ ఆయన నోట్లోంచి పుట్టినరోజు చెప్పినట్టు వచ్చేది, సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఉన్నచోట ఒక రకంగా ఉంది, కొట్టేసి చెరువులు తవ్వినచోట ఇంకో రకంగా ఉంది అనేవారు. కోరంగి పాత రేవు కూడా 1839 తుఫానుకి పోయిందే కదా. అందుకే మా ఇంట్లో మడ అంటే ఏదో పిక్నిక్ స్పాట్ కాదు.

ఇంకో మాట, చాలామంది దీన్ని నేషనల్ పార్క్ అని రాసేస్తుంటారు, కాదండీ, ఇది వన్యప్రాణి అభయారణ్యం, 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, చూసుకునేది అటవీ శాఖ. ఈ సంస్థ బయట నుంచి డబ్బులు పోగుచేసి, ఊళ్లల్లో మనుషుల్ని పనిలో పెట్టి సాయం చేస్తుంది అంతే. మనం చొల్లంగి తీర్థానికెళ్లి స్నానం చేసొచ్చేస్తాం, కాకినాడ నుంచి యానాం వెళ్తూ దారిలో ఆగి చెక్క వంతెన మీద ఫొటో దిగుతాం, ఆ వంతెన దాటి లోపల ఏముందో మాకూ ఈ జనవరి దాకా తెలీదు.

డొనేషన్ ఇచ్చినవాళ్లని జనవరిలో ఒక ఆదివారం బోటులో తీసుకెళ్తాం అన్నారు, వెళ్లాం. నేను అనుకున్నది ఏంటంటే తలా ఒక మొక్క చేతికిచ్చి నాటించి, వెనక బ్యానర్ కట్టి ఫొటో తీసి, సాంబారన్నం పొట్లం ఇచ్చి పంపించేస్తారని. మొక్క ఇవ్వలేదు, బ్యానరూ లేదు. ఒక పాయలోంచి ఇంకో సన్న పాయలోకి తీసుకెళ్లి, ఒక బోడి మైదానం ముందు దించారు, చుట్టూ పచ్చగా మడ, మధ్యలో మాత్రం తెల్లగా ఉప్పు తేలిన చవిటి నేల, గడ్డి పరక లేదు. ఇదేంటి ఇక్కడ నాటొచ్చు కదా అని నేనే అడిగాను, అక్కడ పని చేయించే మేస్త్రి (ఆ పక్క పల్లె మనిషే, చేపల వేట మానేసి ఇందులోకొచ్చాడంట) నవ్వాడు.

"నాటితే సరిపోద్దేంటండీ మేడంగారూ, నాటాం కదండీ ఒకప్పుడు, అన్నీ మాడిపోయాయండి. మొక్కదేవుందండీ, నీరు రావాలి, వచ్చిన నీరు పోవాలండి, ఆయ్."

తర్వాత ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా. చెట్లు కొట్టేశాక ఆ నేల ఎండకి కుంగి మధ్యలో పళ్లెంలాగా గుంటపడుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు అందులోకి ఎక్కుతాయి కానీ పాటులో (అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) దిగడానికి దారుండదు, అక్కడే నిలబడి ఎండిపోతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది, మళ్లీ పోటు మళ్లీ ఉప్పు, అలా కొన్నేళ్లకి ఉప్పునీళ్లల్లో బతికే మడ కూడా తట్టుకోలేనంత ఉప్పెక్కిపోతుంది నేల. దానికి వీళ్లు చేసేది పాయ నుంచి ఒక పెద్ద కాలవ ఏటవాలుగా లోపలికి తవ్వడం, దానికి రెండు పక్కలా పిల్ల కాలవలు, పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లులాగా ఉంటుంది. ఇంక రోజుకి రెండుసార్లు పోటు నీళ్లు లోపలికి వస్తాయి, పాటులో పోతూ పోతూ ఉప్పుని కడుక్కుపోతాయి. నేల మెత్తబడ్డాక అప్పుడు తెల్లమడ మొక్కలు కాలవ గట్టు వాలులో పెడతారు, మరీ అడుగున కాదు, మరీ పైనా కాదు. ఇది వీళ్లు కనిపెట్టిందేం కాదు, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారి ఫౌండేషన్ వాళ్లు 90లలోనే గోదావరి మడలో ఊరివాళ్లతో కలిసి ఈ పద్ధతిలో చేశారు. వీళ్లూ ఆ మాట దాచుకోలేదు, అది నాకు నచ్చింది.

పక్కనే మూడేళ్ల కింద తవ్విన చోటు చూపించారు. మా ఆయన నడుం దాకా వచ్చేశాయి మొక్కలు. ఎవరూ నాటని ఆల్చి పొద కూడా గట్టు మీద దానంతటదే వచ్చేసింది, కాలవలో చిట్టి పీతలు, రొయ్య పిల్లలు, బురద మీద ఎగిరెగిరి పాకే ఆ చిన్న చేపలు. పాయ ఒడ్డున పొన్న చెట్లకి కాయలు ములక్కాడల్లాగా వేలాడుతున్నాయి, అవి కాయలు కాదంట, విత్తనం చెట్టు మీదుండగానే మొలకెత్తి అంత పొడుగు దిగుతుందంట, పండాక ఊడి కింద బురదలో గుచ్చుకుంటుంది లేదా నీళ్లల్లో తేలుకుంటూ పోయి ఎక్కడో నాటుకుంటుంది. మా చిన్నోడు ఇంకేదో కొమ్మ పట్టుకోబోతే బోటాయన గట్టిగా అరిచాడు, అది తిల్ల అంట, పాలు కంట్లో పడితే చూపు పోతుందంట. ఈ ముక్క బోటెక్కే ముందే చెప్పాలి కదా, చెప్పలేదు.

అసలు నాకు డబ్బులు దండగ కాలేదు అనిపించింది ఎక్కడంటే, ఆ కాలవలు ఏటేటా పూడిపోతాయంట, వరదలకి గోదావరి తెచ్చే ఒండ్రు అంతా ఇంతానా, ప్రతి వేసవిలో మళ్లీ మనుషుల్ని పెట్టి పూడిక తియ్యాలి, లేకపోతే నీళ్లు ఆగిపోయి కథ మొదటికొస్తుంది. దానికి డబ్బులు ఎవరూ ఇవ్వరంట. వాళ్ల లెక్కలు చూసే అమ్మాయి అంది, "మొక్క నాటితే ఫొటో వస్తుంది అక్కా, పూడిక తీస్తే ఏం ఫొటో వస్తుంది, బురద ముందు బురద నిలబడినట్టుంటుంది." మొక్కలు నాటే ప్రోగ్రాంలకైతే కంపెనీలు వస్తాయంట, మూడో ఏడు ఆ మొక్క ఉందా చచ్చిందా చూడ్డానికి ఒక్కరూ రారంట. మేమిచ్చిన 5000 దేనికెళ్లింది అని మొహమాటం లేకుండా అడిగాను, పూడిక కూలీల పద్దులో చూపించింది, సంతకాలతో సహా.

ఈ సంస్థ సముద్రపు తాబేళ్ల పని కూడా చేస్తుంది, ఇప్పుడు దాని దగ్గరికొద్దాం. ఫిబ్రవరిలో రాత్రి నడక పెట్టారు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి కదా, కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ వైపు ఎక్కువ, కాకినాడ, ఉప్పాడ ఇసుక మీదకి కూడా వస్తాయి. తెల్ల లైటు వెయ్యకూడదు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి మాత్రమే, ఎందుకంటే వెలుగు చూస్తే తల్లి ఒడ్డెక్కకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఇది చెప్పిన పది నిమిషాలకి ఎవరో ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ ఫ్లాష్ వేసి రీల్ మొదలుపెట్టారు, అక్కడున్న పెద్దాయన వాళ్లని బండెక్కించి పంపించేశాడు. సరైన పని. అర్ధరాత్రి రెండింటి దాకా నడిచాం, తల్లి తాబేలు ఒక్కటీ రాలేదు, చచ్చి కొట్టుకొచ్చినవి మాత్రం రెండు కనపడ్డాయి, ఒకదాని మెడ దగ్గర వల దారం. తాబేలు నీళ్లల్లో ఉండేదే అయినా గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఇవి వచ్చేది జనవరిలో, ఇంక ఏం చెప్తాం. వలలో పడ్డ తాబేలుని వల కోసి వదిలేసిన వాళ్లకి వల బాగుచేయించుకోడానికి సంస్థ కొంత ఇస్తుందంట, దాని మీద ఊళ్లో రెండు మాటలూ విన్నాను, ఇచ్చారని ఒకాయన, ఇచ్చింది దారానికే చాల్లేదని ఇంకొకాయన.

గుడ్లు దొరికిన గూడుని కుక్కలూ నక్కలూ తవ్వెయ్యకుండా జాగ్రత్తగా తీసి కంచె లోపల అదే లోతులో మళ్లీ పూడుస్తారు, ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి, నెలన్నర రెండు నెలల్లో పిల్లలొస్తాయి. మార్చి చివర్లో తెల్లారుజామున 4 గంటలకి వాట్సాప్ మెసేజ్ వచ్చింది, మా చిన్నోణ్ణి నిద్రలోంచి ఎత్తుకెళ్లాం. బుల్లి బుల్లి పిల్లలు ఇసుక మీద పాకుతుంటే అందరూ చేత్తో పట్టుకుని నీళ్లల్లో వెయ్యబోయారు, వెయ్యనివ్వలేదు, వాటంతట అవే పాకి వెళ్లాలంట. మావాడు ఒకదానికి పేరు కూడా పెట్టేశాడు, అల ఒకసారి వెనక్కి తోసేసింది దాన్ని, మళ్లీ లేచి వెళ్లింది, వాడు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

బావురు పిల్లి (నీళ్లల్లో చేపలు పట్టే అడవి పిల్లి) కనిపిస్తుందని మాత్రం ఆశపడకండి. వాళ్ల క్యాలెండర్ మీద నిలువెత్తున ఉంటుంది, కానీ అది రాత్రి తిరిగేది, మా బోటులో ఎవరికీ తోక కూడా కనపడలేదు, నీటి కుక్కలు మాత్రం నాలుగు కనపడ్డాయి. క్యాలెండర్ చూసి మా అత్తగారు "చేపలు తినే పిల్లిని చూడ్డానికి అంత దూరం వెళ్లడం ఎందుకే, మన వంటింట్లోకి రోజూ వస్తోందిగా" అన్నారు.

ఇంక కోత పెట్టిన స్టార్ సంగతి. ఒకటి, బోటు ట్రిప్పు పోటు పాటు చూసుకోకుండా పెట్టారు, తిరిగొచ్చేటప్పటికి పాయలో నీళ్లు దిగిపోయి బురదలో రెండు గంటలు ఇరుక్కున్నాం, ఆటుపోట్ల మీద క్లాసు పీకినవాళ్లే ఇలా చేస్తే ఎలా అండీ. ఆడవాళ్లకి బాత్రూం సంగతి అసలు ఎవరూ ఆలోచించలేదు, అందులో ఒకావిడ షుగర్ పేషెంట్. భోజనం మాత్రం వంక పెట్టడానికి లేదు, ఊళ్లో ఆడవాళ్ల చేత వండించారు, రొయ్యల ఇగురు ఇంకోసారి అడిగి వేయించుకున్నాం, శాకాహారులకి మాత్రం పప్పుచారే గతి.

రెండోది అసలు గొడవ. డబ్బు వెయ్యగానే మామూలు రసీదు వచ్చింది, మేమిచ్చినప్పటి లెక్కన పాత పద్ధతిలో టాక్స్ కట్టేవాళ్లకి విరాళం మీద 80జీ కింద టాక్స్ తగ్గింపు కావాలంటే సంస్థ ఇచ్చే ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఉండాలి (కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకి తగ్గింపే లేదు, క్యాష్‌గా 2000 దాటి ఇచ్చినా రాదు, ఇది గుర్తుపెట్టుకోండి). ఆ సర్టిఫికెట్ మే 31 లోపు ఇవ్వాలి. మా ఆయన జూన్‌లో మూడుసార్లు, జులైలో రెండుసార్లు ఫోన్ చేశారు, సార్ ఫీల్డ్‌లో ఉన్నారు, సార్ ఫీల్డ్‌లో ఉన్నారు, ఎప్పుడూ ఇదే. చివరికి జులై మూడో వారంలో వచ్చింది, అందులో పాన్ నంబర్‌లో ఒక అక్షరం తప్పు, మళ్లీ మొదలు.

ఇంకోటి కూడా ఉంది, అది నాకు రసీదు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. వాళ్ల వార్షిక రిపోర్టు మెరిసే కాగితం మీద పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. కాలవ తవ్వించిన మేస్త్రి ఫొటో అందులో పేజీ నిండా వేశారు, కింద ఏం రాశారో ఆయనకి తెలీదు, మా చిన్నోడి చేత చదివించుకున్నాడు బోటులో. తెలుగులో నాలుగు పేజీలు వెయ్యడానికి ఎంతవుతుంది?

వెళ్లేవాళ్లు పాత చెప్పులేసుకోండి, బురద లాగేసుకుంటుంది, మంచినీళ్లు ఎక్కువ పెట్టుకోండి, బయల్దేరే ముందు పాటు ఎన్నింటికో బోటాయన్నే అడగండి, ఆఫీసులో వాళ్లని అడక్కండి.

ఈ ఏడు ఆబ్దికానికి మళ్లీ వాళ్లకే వేశాం. రిమార్క్స్ దగ్గర మా ఆయన "పూడికతీతకి మాత్రమే" అని తెలుగులోనే టైప్ చేశారు, కింద పాన్ నంబర్ రెండుసార్లు రాశారు.