వాషింగ్ మెషిన్‌లో చన్నీళ్లా, వేడినీళ్లా?

హీటర్ ఉన్న ఫ్రంట్‌లోడ్ కొన్న ప్రతి ఇంట్లోనూ వచ్చే సందేహమే ఇది.

కరెంటు: డ్రమ్ము తిరగడానికి అయ్యేది కొంచెమే, తినేదంతా హీటరే. 15 లీటర్ల నీళ్లు 30 నుంచి 60 డిగ్రీలకి కాగాలంటే అర యూనిట్ పైనే. చన్నీళ్లకి ఆ ఖర్చే లేదు. అసలు విజయవాడ మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు పంపు తిప్పగానే చురుక్కుమంటాయి. వాటిని మళ్లీ కాచడం దండగ.

మురికి: చెమట, దుమ్ము చన్నీళ్లకే వదులుతాయి. ఆవకాయ నూనె మరక మాత్రం వేడికే లొంగుతుంది. రక్తం మరకకి వేడి తగిలిందా, ఇక పోదు.

బట్ట: మంగళగిరి చేనేతకి చన్నీళ్లే. వేడికి రంగు దిగుతుంది.

శ్రమ: చన్నీళ్లలో పౌడర్ ఒక్కోసారి కరగక నల్లబట్టల మీద తెల్లగా అంటుకుంటుంది. లిక్విడ్ వాడితే ఆ టెన్షన్ లేదు.

రిస్కు: ఎప్పుడూ చన్నీళ్లే అయితే తలుపు రబ్బరు మడతల్లో జిగురు చేరి వాసనొస్తుంది. అప్పుడప్పుడు ఖాళీ మెషిన్‌ని వేడినీళ్లతో తిప్పాలి.

రోజువారీ బట్టలకి చన్నీళ్లు చాలు. జబ్బుపడ్డవాళ్ల దుప్పట్లు, వంటింటి మసిగుడ్డలకి 60 పెట్టండి. జిడ్డు కొద్దిగానే ఉంటే 40 సరిపోతుంది.