ఆస్పత్రి బిల్లింగ్‌కి ఏది మేలు: మనిషా, ఏఐనా?

గుంటూరు కొత్తపేటలో మా బాబాయికి ఇరవై పడకల ఆస్పత్రి ఉంది. పోయిన నెల ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చి, కేస్ షీట్ చూపిస్తే చాలు, కోడ్లు (జబ్బుకీ చికిత్సకీ ఉండే నంబర్లు) వేయడం, క్లెయిమ్ పంపడం అన్నీ ఏఐ చేసేస్తుందని చెప్పి వెళ్లాడట. ఆదివారం భోజనాల దగ్గర బాబాయి నన్నడిగారు: "నువ్వు రోజూ చేసే పనే కదమ్మా. ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆవిడని ఉంచనా, దీన్ని కొననా?"

నాది విజయవాడలో రాత్రి షిఫ్టు, అమెరికా క్లినిక్కుల బిల్లింగ్. ఏఐ మా స్క్రీన్ల మీదికి ఎప్పుడో వచ్చేసింది. దాని బలం ఒప్పుకోవాల్సిందే. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎంలో జబ్బుల కోడ్లు 70 వేలకు పైనే. అన్నీ ఎవరికి గుర్తుంటాయి? తెల్లవారుజామున మూడింటికి నా కళ్లు మూతలు పడతాయి, దానికి పడవు.

అయితే ఒక కేసు చెప్తాను. ఒక పెద్దావిడకి డాక్టరు మోకాలి కీలులో ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంజెక్షన్ కోడ్ 20610. అరుగుదల కుడి మోకాలికైతే ఎం17.11, ఎడమకైతే ఎం17.12. నోట్‌లో పైన "కుడి" అని ఉంది, కింద "ఎడమ" అని ఉంది. ఏఐ కింది మాట పట్టుకుని ఎడమ వేసేసింది. ఆ డాక్టరు పోయినసారి నోట్‌నే కాపీ చేసి పైపైన దిద్దుతారని మా టీమ్‌లో అందరికీ తెలుసు. అడిగితే కుడేనన్నారు. ఆ అలవాటు సంగతి సాఫ్ట్‌వేర్‌కి ఎవరు చెప్తారు?

ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటుంది. పాత పేషెంటు మామూలుగా చూపించుకుంటే 99213, కేసు కాస్త చిక్కుదైతే 99214. రెండోదానికి డబ్బు ఎక్కువ. నోట్‌లో ఆధారం లేకుండా పై కోడ్ వేసే సాఫ్ట్‌వేర్‌తో మొదట్లో ఓనరుకి సంతోషమే. తర్వాత ఆడిట్ వస్తే "మిషను వేసింది" అంటే వినరు, జవాబు చెప్పుకోవాల్సింది ఆ డాక్టరే.

బయటి ఏజెన్సీకి ఇవ్వడం మూడో దారి. దాని గురించి నన్నడగకండి, నేను తినేది ఆ ఉప్పే.

ఇక గుంటూరు సంగతి వేరు. ఇక్కడ క్లెయిమ్ ఆగేది కోడ్ల దగ్గర కన్నా కాగితాల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాలసీలో ఒకలా ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్న స్కాన్‌కి రిపోర్టు జతచేసి ఉండదు. టీపీఏ, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ, నుంచి క్వెరీ వస్తుంది, పేషెంటు బంధువులు కౌంటర్ దగ్గర గొడవ పెడతారు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. కానీ ఆ మూడు గంటల లెక్క మనం ఫైలు పంపాక మొదలవుతుంది. ల్యాబ్ బిల్లు పై అంతస్తు నుంచి దిగేసరికి మధ్యాహ్నమైతే ఏ ఏఐ ఏం చేస్తుంది? ఎన్టీఆర్ వైద్యసేవ కేసుల్లోనైతే ప్యాకేజీ రేటు ముందే ఖరారై ఉంటుంది, అక్కడ కోడ్ తెలివితేటలకి పనే తక్కువ.

పైగా మా బాబాయి చేతిరాత. ఆ డెస్క్ ఆవిడ తొమ్మిదేళ్లుగా చదువుతోంది కాబట్టి సరిపోయింది. అవే షీట్లు ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌కిస్తే మందు పేరు ఒకటుంటే ఇంకోటి చదివింది, నేనే చూశాను.

అందుకని నేను చెప్పింది ఇది: ఆవిడని ఉంచండి, మొత్తం పని చేసే ఏఐ వద్దు. ఫైలు పంపే ముందు సరిచూసేది మాత్రం తీసుకోండి. కుడి ఎడమలు, తేదీలు, పేర్లు కలిశాయా, బిల్లులో ఉన్న ప్రతి టెస్టుకీ రిపోర్టు ఉందా అని అది పట్టుకోవాలి. తప్పుంటే ఆవిడకి చూపించాలి, దిద్దేది ఆవిడే. రోజంతా ఆ కాగితాలే చూసి విసిగిన కంటికి దాటిపోయేవి ఇవే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను: డబ్బు మిగులుతుందని ఉచిత చాట్‌బాట్‌లో పేషెంటు సమ్మరీ పెట్టొద్దు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అది లేకపోయినా అవి మన కాగితాలు కావు.

కొనేముందు డెమో చూసి మురిసిపోవద్దని కూడా చెప్పాను. డెమోలో కేస్ షీట్లన్నీ టైపు చేసినవే ఉంటాయి. గత ఆరు నెలల్లో క్వెరీ వచ్చిన ఫైళ్లు పేర్లు కొట్టేసి, మొదట పంపినవి పంపినట్టే ఇచ్చి, ఎన్నింటిలో తప్పు ముందే పట్టుకుంటుందో చూపించమనండి అన్నాను. బాబాయి సోమవారమే కట్ట కట్టించి ఇచ్చారు. ఆ అబ్బాయి మళ్లీ ఇంకా రాలేదు.